ల్యాబ్‌లో సిమెంటు ఖనిజాలు కాల్చడం: అపోహలు - వాస్తవాలు

విజయనగరంలో ఓ కాలేజీ ల్యాబ్‌లో నా పని ఏంటంటే, సిమెంటులో ఉండే ఖనిజాల్ని దేనికది విడిగా కాల్చి తయారుచెయ్యడం. ఊరెళ్తే మా తాపీ మేస్త్రి మావయ్య "ఏటి బాబూ, బస్తాల్లెక్కన దొరికేదాన్ని నువ్వు గ్రాముల్లెక్కన వండుతన్నావంట" అని నవ్వుతాడు. స్టూడెంట్లు కూడా అవే డౌట్లు మళ్లీ మళ్లీ అడుగుతున్నారు, అందుకే ఒక్కసారి రాసి పడేస్తున్నా.

అపోహ: సిమెంటంటే ఒకటే పదార్థం.

కాదండీ. క్లింకర్లో, అంటే కిల్న్‌లో (ఫ్యాక్టరీ బట్టీలో) కాలి గడ్డలుగా వచ్చేదాంట్లో, ముఖ్యంగా నాలుగు ఖనిజాలు. దాన్ని నూరితేనే సిమెంటు. ఆలైట్, బెలైట్ రెండూ కాల్షియం సిలికేట్లే, ఒకదాంట్లో సిలికా (ఇసుకలో ఉండేదే) ఒక పాలుకి సున్నం మూడు పాళ్లు, రెండోదాంట్లో రెండు (బరువులో కాదు, అణువుల లెక్కన). ఆ రెండూ కాక అల్యూమినియం ఉండే అల్యూమినేట్, ఐరన్ ఉండే ఫెర్రైట్. ఆలైట్, బెలైట్ అన్న పేర్లు 1897లో స్వీడన్ సైంటిస్టు టర్నెబోమ్ పెట్టినవి. స్లాబుకి మొదట్లో వచ్చే బలం ఎక్కువగా ఆలైట్‌ది, నెలల తరబడి నిదానంగా పెరిగేది బెలైట్‌ది. బస్తాలో అన్నీ కలిసిపోయి ఉంటే ఏది ఏం చేస్తోందో పట్టుకోలేం, అందుకే ఈ తిప్పలు.

అపోహ: ఇనుములాగ కరిగించి తీస్తారు.

ఫ్యాక్టరీ కిల్న్‌లో 1450 డిగ్రీల దగ్గర కూడా ఓ పావు వంతు మాత్రమే కరుగుతుంది, అదీ అల్యూమినా, ఐరన్ ఉండబట్టి. ఆ ద్రవంలో సున్నం కరిగి సిలికా దగ్గరకి పోతుంది కాబట్టి పని తొందరగా అయిపోద్ది. ల్యాబ్‌లో ప్యూర్ ఆలైట్ చేసేటప్పుడు మాకా సుఖం లేదు, కరిగేది ఏమీ ఉండదు, రేణువు రేణువుకి తగిలిన చోటే రియాక్షన్, మిగతాది ఎంతసేపు కాల్చినా అలాగే కూర్చుంటుంది.

దీని తోకే ఇంకో అపోహ: ఒక్కసారి కాలిస్తే చాలు.

ఒకసారి లెక్క చూడండి. 100 గ్రాముల ఆలైట్ కావాలంటే 131.5 గ్రాముల కాల్షియం కార్బొనేట్, 26.3 గ్రాముల సిలికా తూచాలి. మొత్తం 157.8, అందులో 57.8 గ్రాములు కార్బన్ డయాక్సైడ్ అయి గాల్లో కలిసిపోద్ది. తూచేముందు కార్బొనేట్‌ని ఓవెన్‌లో ఆరబెట్టకపోతే తేమని కూడా సున్నం కింద లెక్కేసినట్టే, పాళ్లు అక్కడే చెడిపోతాయి (మా దగ్గర వర్షాకాలంలో ఇది మరీ దారుణం). తర్వాత ఆల్కహాల్ పోసి మెత్తగా నూరి, ఆరబెట్టి, బిళ్లలుగా నొక్కి, 1000 డిగ్రీల దగ్గర ఆ కార్బన్ డయాక్సైడ్‌ని బయటికి పోనిచ్చి, మళ్లీ నూరి, మళ్లీ నొక్కి, అప్పుడు 1500 దగ్గర కొన్ని గంటలు. బయటికి తీసి రియాక్ట్ కాకుండా మిగిలిన సున్నం ఎంతుందో గ్లైకాల్ అనే ద్రవంతో లాగి టైట్రేషన్ చేసి చూడాలి. ఒక శాతం లోపు లేకపోతే మళ్లీ నూరుడే. నాకైతే మూడు సార్లకి తక్కువలో ఎప్పుడూ అవలేదు.

ఏ ఫర్నేస్ అయినా పర్లేదు అనుకునేవాళ్లకి ఒక్క మాట: బూడిద పరీక్షలకి వాడే మామూలు మఫుల్ ఫర్నేస్ వెయ్యి దాటి కొంచెం వెళ్లి ఆగిపోద్ది. వేడెక్కించే రాడ్లు మాలిబ్డినం డైసిలిసైడ్‌వి ఉన్నది కావాలి. మూస (బిళ్లలు పెట్టి కాల్చే గిన్నె) కూడా అల్యూమినాది వాడితే సున్నం దాన్నే తినడం మొదలెడుతుంది, ప్లాటినం మంచిది కానీ మన బడ్జెట్‌కి అంత సీన్ లేదు. నేనైతే అడుగున అదే పొడి ఓ పొర పరిచి దానిమీద బిళ్ల పెడతాను, మూసకి తగిలి పాడయ్యేదేదో ఆ పొరే అవుద్ది.

అపోహ: కాల్చడం వరకే మన పని, చల్లారడం దానంతట అదే.

ఇది నేనూ నమ్మిందే. కొత్తలో ఓసారి బెలైట్ బిళ్లలు కాల్చి, సాయంత్రం ఫర్నేస్ ఆపేసి, లోపలే వదిలేసి ఇంటికెళ్లిపోయా. పొద్దున్న తలుపు తీస్తే బిళ్లల్లేవు, మూస నిండా తెల్లటి పిండి, పౌడర్ డబ్బాలో పౌడరంత మెత్తగా. అటెండర్‌ని కూడా అడిగా, ఎవరైనా నూరి పెట్టారా అని. ఎవరూ కాదు, 500 డిగ్రీల కిందకి నెమ్మదిగా దిగేటప్పుడు బెలైట్ బీటా అనే స్ఫటిక రూపం నుంచి గామా అనే ఇంకో రూపానికి మారిపోయింది, ఘనపరిమాణం దాదాపు పది శాతం పెరుగుతుంది కాబట్టి బిళ్ల దానంతట అదే పగిలి పిండైపోతుంది. పైగా ఆ గామాకి నీళ్లు పోసినా దాదాపు ఉలకదు పలకదు. అర శాతం బోరాన్ ఆక్సైడ్ కలిపితే బీటా నిలబడుతుంది, అప్పట్నుంచి అది కలపకుండా పెట్టలేదు. ఆలైట్‌ది ఇంకో పేచీ, 1250 కిందకి వచ్చి నిదానంగా ఉంటే బెలైట్, సున్నం కింద విడిపోతుంది. అందుకే వేడి మీదే పొడుగు పటకారుతో లాగి ఇనుప పలక మీద పడేసి ఫ్యాన్ పెడతాం. తలుపు తీసినప్పుడు ఆ సెగకి మొహం చుర్రుమంటుంది, నల్లద్దాలు లేకుండా అటు చూడకూడదు.

అపోహ: ఎంత ప్యూర్ అయితే అంత మంచి సిమెంటు.

అదేం కాదు. ఫ్యాక్టరీ ఆలైట్‌లో మెగ్నీషియం, అల్యూమినియం దూరి ఉండటం వల్ల దాని స్ఫటికం ఆకారమే వేరు. ప్యూర్‌ది పోల్చి చూసుకోడానికే.

గుల్ల సున్నం బట్టీలో సిమెంటు కాల్చెయ్యొచ్చు కదా అని కూడా అడుగుతారు. అక్కడ 900 దగ్గర గ్యాస్ పోయి సున్నం మిగులుతుంది, అంతే, ఆలైట్‌కి ఇంకా ఐదారొందల డిగ్రీలు పైకెళ్లాలి. రైస్ మిల్లు ఊక బూడిద మాత్రం పనికొస్తుంది, బాగా కాలిన ఊక బూడిదలో ఎక్కువ భాగం సిలికానే, బెలైట్‌కి బాగా సరిపోద్ది. నల్లగా బొగ్గు మిగిలిన బూడిదైతే ముందు మళ్లీ కాల్చుకోవాలి.

ఇక రంగు. సిమెంటంటే బూడిద రంగు అని ఫిక్సయిపోయారు అందరూ. ఆ రంగు ఐరన్ ఉన్న ఫెర్రైట్‌ది, ఆలైట్, బెలైట్ రెండూ తెలుపే. మొన్న సంక్రాంతికి ఆలైట్ ఓ చెంచాడు పట్టుకెళ్లి, టీ గ్లాసులో నీళ్లతో కలిపి పెట్టా. జిప్సం వెయ్యలేదు, అది అల్యూమినేట్ వెంటనే గట్టిపడిపోకుండా ఆపడానికే, ఇక్కడ అల్యూమినేటే లేదు కదా. మర్నాడు మావయ్య గోటితో గీకి చూసి, తాపీ అంచుతో కొట్టి చూసి, "గట్టిగానే ఉంది గానీ, నువ్వు సున్నం కలిపేసి నన్ను ఆడించేస్తన్నావు" అన్నాడు. గ్లాసు పగలగొట్టి చూపించినా నమ్మలేదు, గ్లాసు పోయిందని అత్త చేత తిట్లు మాత్రం నాకు పడ్డాయి.