గ్రాఫిక్ డిజైన్ విద్యార్థికి పరిచయాలు: అపోహలు - వాస్తవాలు

"పని రావాలంటే పరిచయాలుండాలి" అని డిజైన్ కాలేజీల్లో సీనియర్లు జూనియర్లకు చెబుతూనే ఉంటారు. ఆ మాట నిజమే. చిక్కల్లా ఎవరితో పరిచయం పెంచుకోవాలి, దాన్ని ఎలా నిలబెట్టుకోవాలి అన్న దగ్గర వస్తోంది. మీరు ఫైలు ఎంత శుభ్రంగా ఇస్తారో, చెప్పిన రోజుకు ఇస్తారో లేదో తెలిసిన మనిషే మీ పేరు ఇంకొకరికి చెబుతాడు.

అపోహ: పెద్ద ఏజెన్సీల క్రియేటివ్ డైరెక్టర్లు తెలిస్తే చాలు.

వాస్తవం: విద్యార్థికి మొదటి పని వాళ్ల నుంచి రావడం అరుదు. రెండు మూడేళ్ల అనుభవమున్న జూనియర్ డిజైనరో, పని ఎక్కువై ఊపిరాడని ఫ్రీలాన్సరో ఇస్తారు. శ్రావణం పెళ్లిళ్లు, దసరా-దీపావళి ఆఫర్లు, ఎన్నికలు వచ్చాయంటే ఒకే డిజైన్‌ను హోర్డింగ్‌కు, పేపరు యాడ్‌కు, ఇన్‌స్టా పోస్టుకు, వాట్సాప్ స్టేటస్‌కు మార్చే అడాప్టేషన్లు గుట్టలుగా పడతాయి. "ఎవరైనా కుర్రాళ్లున్నారా?" అని వెతికేది అప్పుడే. ఆ హడావిడిలో కొత్త మొహాన్ని పరీక్షించే తీరిక ఎవరికీ ఉండదు కాబట్టి దసరా పని కోసం జూలైలోనే పలకరించి పెట్టుకోవాలి. మీకంటే ఒక్క బ్యాచ్ ముందు వెళ్లిన సీనియర్లతో మొదలుపెట్టండి. కాపీ రైటర్లను, ప్రొడక్ట్ ఫొటోగ్రాఫర్లను కూడా మరిచిపోవద్దు. క్లయింటు "డిజైనర్ ఎవరైనా తెలుసా?" అని వాళ్లనూ అడుగుతాడు.

అపోహ: ప్రింటింగ్ ప్రెస్‌తో మనకేం పని? అది కాలేజీ అయ్యాక చూసుకోవచ్చు.

వాస్తవం: విద్యార్థులు అన్నిటికంటే ఎక్కువ నష్టపోతున్నది ఇక్కడే. హైదరాబాద్ ఛత్తా బజార్‌లో పెళ్లికార్డులు వేసే షాపుల దగ్గర్నుంచి మీ ఊళ్లో ఫ్లెక్సీ షాపు దాకా, డిజైన్ లేకుండా అచ్చుకు వచ్చే కస్టమర్లు రోజూ ఉంటారు. ప్రెస్‌లో డీటీపీ ఆపరేటర్ మీ నంబరు ఇవ్వాలంటే మీ ఫైలు వల్ల ఆయనకు తలనొప్పి రాకూడదు. ఆయనకు విసుగు తెప్పించేవి ఇవి:

చుట్టూ 3 మిల్లీమీటర్ల బ్లీడ్ (కట్ చేసే గీత దాటి బయటికి పొడిగించే డిజైన్ భాగం) వదలకపోవడం. కటింగ్ కాస్త జరిగితే చాలు, అంచున తెల్ల గీత వస్తుంది.

నల్ల అక్షరాలను ఆర్‌జీబీలో (స్క్రీన్ రంగుల పద్ధతి) చేసి చివర్లో సీఎంవైకేకి (అచ్చుకు వాడే నాలుగు రంగుల పద్ధతి) మార్చడం. నలుపు నాలుగు రంగుల్లోకి చీలిపోతుంది. రిజిస్ట్రేషన్ (రంగులన్నీ ఒకదానిమీద ఒకటి సరిగ్గా కూర్చోవడం) వెంట్రుకవాసి తప్పినా చిన్న అక్షరాల చుట్టూ రంగు నీడ కనిపిస్తుంది. మామూలు మ్యాటర్‌కు నలుపు ప్లేటు ఒక్కటే 100 శాతం, మిగతా మూడూ సున్నా ఉండాలి.

తెల్ల అక్షరాలకు ఓవర్‌ప్రింట్ (కింది రంగును తీసేయకుండా దాని మీదే అచ్చువేసే సెట్టింగ్) ఆన్‌లో ఉండిపోవడం. స్క్రీన్ మీద భేషుగ్గా కనిపించి అచ్చులో మాయమవుతాయి.

ఇక తెలుగు. అను ఫాంట్లతో (యూనికోడ్ కాని పాత పద్ధతి తెలుగు ఫాంట్లు) చేసిన ఫైలును ఆ ఫాంట్లు లేని సిస్టమ్‌లో తెరిస్తే పిచ్చి గీతలే. యూనికోడ్ వాడితే ఇంకో తంటా: ఇల్లస్ట్రేటర్‌లో ఇండిక్ ఆప్షన్లు ఆన్ చేసి సౌత్ ఏషియన్ కంపోజర్ ఎంచుకోకపోతే వత్తులు విడిపోయి "శ్రీకాకుళం" కాస్తా "శ్‌రీకాకుళం" అవుతుంది. ప్రెస్‌కు ఇచ్చే కాపీలో అక్షరాలన్నీ కర్వ్స్‌గా (ఫాంటు అవసరం లేని ఆకారాలుగా) మార్చండి. మార్చని కాపీ మీ దగ్గర విడిగా ఉంచుకోండి, ఎందుకంటే ఫోన్ నంబరు తప్పుందని కస్టమర్ రాత్రి తొమ్మిదింటికి గుర్తు చేస్తాడు.

కోరల్‌డ్రా ఫైలు ఇస్తుంటే వాళ్ల వెర్షన్ ఏదో ముందే అడిగి దానికి తగ్గించి సేవ్ చేయండి. 10×20 అడుగుల ఫ్లెక్సీకి 300 డీపీఐ (అంగుళానికి ఎన్ని చుక్కలో చెప్పే లెక్క) పెట్టి సిస్టమ్‌ను ముంచొద్దు, దూరం నుంచి చూసేదానికి 72 సరిపోతుంది.

మొదటిసారి పని లేకుండా వెళ్లినా తప్పులేదు. డెలివరీల ఒత్తిడి లేని వేళ ముందే కనుక్కొని వెళ్లండి. మిషన్ సెట్ చేసేటప్పుడు పక్కన పడేసిన వేస్ట్ షీట్లు నాలుగు అడిగి తెచ్చుకోండి. రిజిస్ట్రేషన్ తప్పడమంటే ఏమిటో వాటిలో కళ్లకు కట్టినట్టు తెలుస్తుంది. పైగా మళ్లీ వెళ్లినప్పుడు అడగడానికి ప్రశ్నలూ దొరుకుతాయి.

అపోహ: బిహాన్స్ (డిజైనర్లు తమ పనులు పెట్టుకునే వెబ్‌సైట్) లింక్ పంపితే వాళ్లే చూసి పిలుస్తారు.

వాస్తవం: "సర్, ప్లీజ్ చెక్ మై వర్క్" అన్న మెసేజ్‌కు జవాబివ్వాలంటే ఏం చెప్పాలో అవతలి మనిషే ఆలోచించుకోవాలి. ఆ శ్రమ మీరే తీసుకోండి. ఇలా రాయొచ్చు:

"నమస్కారం అండి. నేను బీఎఫ్‌ఏ మూడో ఏడాది చదువుతున్నాను. మీరు చేసిన పచ్చళ్ల లేబుళ్లలో తెలుగు పేరు ఇంగ్లిష్ కన్నా పెద్దగా పెట్టారు. నేను నువ్వుల నూనె సీసాకు లేబుల్ చేస్తున్నాను, చిన్న సైజులో వత్తులు పూడుకుపోతున్నాయి. 2 పేజీలు జత చేశాను. ఫాంటు మార్చడం మేలా, లేబుల్ ఎత్తు పెంచడం మేలా?"

ఒక్క ప్రశ్న, రెండు నిమిషాల్లో జవాబివ్వగలిగేది. పోర్ట్‌ఫోలియో అడిగితే 8-10 పేజీల పీడీఎఫ్ పంపండి, 10 ఎంబీ దాటనివ్వొద్దు, ఫైలు పేరులో మీ పేరుండాలి. జీమెయిల్ 25 ఎంబీ దాటిన ఫైలును డ్రైవ్ లింకుగా మారుస్తుంది. పర్మిషన్ ఇవ్వడం మరిచిపోతే అవతల "రిక్వెస్ట్ యాక్సెస్" అని కనిపిస్తుంది, వాళ్లు అక్కడితో మూసేస్తారు. జవాబు రాకపోతే వారం పది రోజుల తర్వాత ఒక్కసారి గుర్తు చేసి వదిలేయండి.

జవాబు వస్తే చెప్పిన మార్పు చేసి, పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టి తిరిగి పంపాలి. ఎక్కువమంది "థ్యాంక్యూ సర్" అనేసి ఊరుకుంటారు. తన మాటకు విలువిచ్చి పని చేసిన వాళ్లే అవతలివాళ్లకు గుర్తుంటారు.

అపోహ: ఉచితంగా చేసిపెడితే పరిచయాలు పెరుగుతాయి.

వాస్తవం: ఉచితంగా చేయించుకున్నవాడు ఇంకో ఉచిత పనినే పంపుతాడు. స్వచ్ఛంద సంస్థకో, బంధువుల కొట్టుకో చేయాలనుకుంటే ముందే రాసి పంపండి: ఒక లోగో, రెండు విడతల మార్పులు, ఫలానా తేదీకి ముగింపు, పోర్ట్‌ఫోలియోలో పెట్టుకునే హక్కు నాది. అసలు ధర వేసి దాని కింద "పూర్తి తగ్గింపు" అని బిల్లు ఇవ్వండి. డబ్బిచ్చే పనికైతే సగం అడ్వాన్స్ తీసుకున్నాకే మొదలుపెట్టండి.

అపోహ: ఇంటర్న్‌షిప్‌లో చేసిందంతా పోస్ట్ చేస్తే నలుగురికీ తెలుస్తాం.

వాస్తవం: ఉన్న పరిచయాన్ని పోగొట్టుకోవడానికి ఇంతకన్నా దగ్గరి దారి లేదు. సినిమా పబ్లిసిటీ డిజైన్‌లో అయితే మరీను. ఫస్ట్ లుక్ బయటికి రాకముందు ఒక్క స్టిల్ లీకైనా ఆ స్టూడియో మొత్తం మాట పడుతుంది. విడుదలయ్యాక కూడా ఓకే కాని ఆప్షన్లను అడగకుండా పెట్టకూడదు. మెసేజ్‌లో అనుమతి తీసుకొని, అందులో మీరు చేసిన భాగమేదో రాయండి. లేఅవుట్ మీ సీనియర్‌ది, టైటిల్ అక్షరాలు మీవి అయితే అలాగే రాయాలి.

మిగిలినవి క్లుప్తంగా. లింక్డిన్‌లో 500 ప్లస్ అంకె చూసి పని ఇచ్చేవాళ్లు లేరు. మితభాషి కావడం అడ్డేమీ కాదు, ఈ రంగంలో సగం సంభాషణ ఫైళ్లతోనే జరుగుతుంది. సదస్సుకు వెళ్తే విజిటింగ్ కార్డులు పంచడం కన్నా ఇద్దరితో సరిగ్గా మాట్లాడి, మర్నాడే ఏ విషయం మాట్లాడారో గుర్తుచేస్తూ మెసేజ్ పెట్టండి. ఆ వివరాలకు ఒక షీట్ తెరిచి ఐదు గళ్లు పెట్టుకోండి: పేరు, ఏం చేస్తారు, ఎక్కడ కలిశారు, చివరిసారి ఎప్పుడు మాట్లాడారు, వాళ్లకు ఏం పంపుతానన్నారు. వారానికోసారి ఆ చివరి గడి చూసి, పంపాల్సింది పంపేయండి.