లావా ల్యాంప్ మీద అపోహలు - వాస్తవాలు (ఎల్ఈడీ బల్బు కొనే ముందు చదవండి)

డెకరేషన్ లైట్లు అమ్ముతాను, రిపేర్లూ చేస్తాను. లావా ల్యాంప్ (సీసాలో మైనం ఉండలు మెల్లగా పైకీ కిందికీ కదిలే అలంకరణ దీపం) పట్టుకొచ్చేవాళ్ళు ఎక్కువగా చెప్పే మాట ఒకటే: "అన్నా, లైటు వెలుగుతోంది గానీ లోపల ఏదీ కదలట్లేదు." సీసా పైకి తీసి చూస్తే కింద ఎల్ఈడీ బల్బు. కరెంటు ఆదా అవుతుందని ఎవరో చెప్పారట!

అపోహ: బల్బు ఉన్నది వెలుగు కోసం.
వాస్తవం: వెలుగు కొసరు, అసలు పని వేడి. సీసాలో పారాఫిన్ మైనం ఉంటుంది. చల్లగా ఉన్నప్పుడు చుట్టూ ఉన్న ద్రవం కంటే అది పిసరంత బరువు, అందుకే అడుగున గడ్డకట్టి కూర్చుంటుంది. కింద 25 లేదా 40 వాట్ల ఫిలమెంట్ బల్బు వేడికి కరిగి, ద్రవం కంటే ఎక్కువగా వ్యాకోచించి, తేలికై పైకి లేస్తుంది, పైన చల్లారాక మళ్ళీ దిగుతుంది. ఎల్ఈడీ బల్బు అంత వేడి ఇవ్వదు, అందుకే ఏదీ కదలదు. ఇదంతా మొదలవడానికి గంట, రెండు గంటలు పడుతుంది. ఆన్ చేసిన పది నిమిషాలకే ఫోన్ చేయకండి.

అపోహ: అడుగున ఉన్న స్ప్రింగు హీటరు.
వాస్తవం: దానికి కరెంటే వెళ్ళదు. కిందికి దిగిన మైనం ఉండలు విడివిడిగా ఉండిపోకుండా, వాటి తలతన్యతను (పైపొర బిగువును) ఛేదించి మళ్ళీ ఒకే ముద్దగా కలుపుతుంది, అంతే.

అపోహ: ఇంట్లో కొవ్వొత్తి కరిగించి నీళ్ళలో పోస్తే ల్యాంప్ రెడీ.
వాస్తవం: మామూలు మైనం నీళ్ళ మీద తేలుతుంది, ఇక దిగేదెక్కడ? దాని బరువు పెంచడానికి ఒకప్పుడు కార్బన్ టెట్రాక్లోరైడ్ కలిపేవాళ్ళు, అది విషం. 1963లో ఇంగ్లండ్‌లో క్రేవెన్ వాకర్ ఈ ల్యాంప్ తెచ్చినప్పటి నుంచీ కంపెనీలు పాళ్ళు బయటపెట్టవు. పిల్లలు సైన్స్ ఫెయిర్‌లో నూనె, నీళ్ళు, ఈనో వేసి చేసేది వేరే సంగతి, అక్కడ రంగునీళ్ళను పైకి లేపేది గ్యాస్.

అపోహ: కదలకపోతే ఊపాలి, లేదా స్టవ్ మీద పెట్టాలి.
వాస్తవం: వేడిగా ఉన్నప్పుడు ఊపితే మైనం ద్రవంలో కలిసిపోయి మజ్జిగలా తెల్లబడుతుంది, అలా వచ్చినదాన్ని నేనూ బాగు చేయలేను. స్టవ్ జోలికి అసలు పోవద్దు. 2004లో అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో ఒక కుర్రాడు అలాగే వేడి చేస్తే సీసా పేలి, గాజు ముక్క గుండెలో దిగి చనిపోయాడు.

మన మే నెల ఎండల్లో ఇంకో తంటా. గదే కాగిపోతుంటే పైకెళ్ళిన మైనం చల్లారదు, అక్కడే ముద్దగా వేలాడుతుంది. ఆపేసి, పూర్తిగా చల్లారనిచ్చి, సాయంత్రం ఏసీ గదిలో పెట్టి చూడండి. అప్పటికీ కదలకపోతే తీసుకురండి, పాత బల్బుతో సహా.