పెయింటు కింద ఏ లోహముంది? బడ్జెట్ వాటర్ కూలింగ్: అపోహలు - వాస్తవాలు

"రేడియేటరే కదా అన్నా, నల్ల పెయింటు కొట్టిన డబ్బా. ఏదైతేనేం?"

సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్లో తిరిగి కొన్నా, ఆన్‌లైన్‌లో బుక్ చేసినా, మొదటిసారి కస్టమ్ లూప్ (విడిభాగాలు కొని మనమే బిగించుకునే, కంప్యూటర్‌ని నీళ్లతో చల్లబరిచే ఏర్పాటు) కట్టేవాళ్ల నోట ఈ మాట తప్పకుండా వస్తుంది. చిప్పు వేడిని నీళ్లలోకి లాగే సీపీయూ బ్లాకు మీద డబ్బు ధారాళంగా పెడతారు, పంపు మీద పెడతారు, ఆర్‌జీబీ రంగుల లైట్ల మీద మరీ పెడతారు. నీళ్ల వేడిని గాలిలోకి వదిలే రేడియేటర్ దగ్గరికొచ్చేసరికి చెయ్యి బిగుసుకుపోతుంది. అక్కడ మిగిల్చిన డబ్బే తర్వాత బ్లాకుని తినేస్తుంది. ముందు దీని సంగతి తేల్చి, మిగతావి గబగబా చెప్పుకుందాం.

అపోహ: అల్యూమినియం రేడియేటర్ పెట్టినా ఏం కాదు, రెడీమేడ్ ఏఐఓ (ఆల్-ఇన్-వన్) కూలర్లలోనూ అదే కదా ఉండేది!

వాస్తవం: చాలా ఏఐఓల్లో చిప్పుకి తగిలే కోల్డ్‌ప్లేటు రాగి, రేడియేటర్ అల్యూమినియం అన్న మాట నిజమే. కానీ దాన్ని ఫ్యాక్టరీలో నింపి సీలు వేస్తారు. లోపల గాలి దాదాపు ఉండదు, తుప్పు ఆపే ఇన్‌హిబిటర్ కొలిచి కలుపుతారు. అయినా సరే, అది కొన్నేళ్లు వాడి పారేసే వస్తువే. మీ లూప్ అలా కాదు. రిజర్వాయర్ (నీళ్ల డబ్బా) మూత తీస్తారు, టాపప్ చేస్తారు, పార్టు మార్చినప్పుడల్లా నీళ్లు ఒంపేస్తారు. ఇన్‌హిబిటర్ పలచబడిపోతుంటుంది, కొత్త గాలి చేరుతుంటుంది.

ఇంటర్‌లో చదివిన కెమిస్ట్రీని ఒక్క నిమిషం గుర్తు తెచ్చుకోండి. ప్రమాణ ఎలక్ట్రోడ్ పొటెన్షియల్ రాగికి +0.34 వోల్టులు, అల్యూమినియానికి -1.66 వోల్టులు. రెండూ ఒకే నీళ్లలో తడుస్తుంటే అరిగేది అల్యూమినియమే. "మధ్యలో ప్లాస్టిక్ ట్యూబు ఉంది, రెండూ తగలవు కదా" అని వాదించేవాళ్లున్నారు. తగలక్కర్లేదు. రాగితో చేసిన బ్లాకులోంచి రాగి అయాన్లు కొంచెం కొంచెంగా నీళ్లలో కలిసి, తిరిగి తిరిగి అల్యూమినియం మీద పేరుకుంటాయి. పేరుకున్న ప్రతిచోటా ఓ బుల్లి బ్యాటరీ మొదలై, అక్కడ గుంట పడుతుంది. బ్లాకుకి నికెల్ పూత ఉన్నా ఇదే కథ. నికెల్‌తో పోల్చినా లొంగిపోయేది అల్యూమినియమే.

ఆ గుంటల్లోంచి ఊడిన పదార్థం తెల్లటి జిగురులా మారి, వెళ్లి బ్లాకులో చేరుతుంది. బ్లాకు లోపల ఫిన్‌ల (పలచటి రేకుల) మధ్య సందు అర మిల్లీమీటరు కూడా ఉండదు. గంజి వార్చే చిల్లుల పళ్లేనికి మెతుకులు అడ్డం పడితే ఎలా ఉంటుందో అలా పూడుకుపోతుంది. బయటికి కనిపించే లక్షణాలు ఈ వరసలో వస్తాయి: రిజర్వాయర్లో నీళ్లు మసకబారతాయి, బ్లీడింగ్ (లోపలి గాలి బయటికి పంపడం) ఎప్పుడో అయిపోయినా సన్న బుడగలు ఆగవు, అదే గేములో అదే సెట్టింగులకి టెంపరేచర్ నెలనెలా పైకి పోతుంది. చివర్లో రేడియేటర్‌కి సూదిమొన బెజ్జం. అప్పుడు తడిసేది గ్రాఫిక్స్ కార్డు.

కొనేటప్పుడే పట్టుకోవచ్చు. అయస్కాంతంతో చూస్తామంటారు చాలామంది. అది దండగ, రాగి, ఇత్తడి, అల్యూమినియం మూడూ అంటుకోవు. చేత్తో ఎత్తి చూడండి. 30 మి.మీ. మందం ఉన్న 360 (మూడు 120 మి.మీ. ఫ్యాన్లు పట్టే) రాగి రేడియేటర్ కిలోకి అటూఇటూగా తూగుతుంది, అల్యూమినియందైతే అందులో సగమే. తర్వాత పోర్టు మూత విప్పి, లోపలి మరల మీద తాళం చెవితో చిన్న గీత గీయండి. పసుపు కనిపిస్తే ఇత్తడి, తెల్లగా మెరిస్తే పక్కన పెట్టేయండి. మరల దగ్గర మాత్రమే ఇత్తడి రింగు బిగించే అవకాశం ఉంది కాబట్టి బరువు, గీత రెండూ చూడాల్సిందే. ఆన్‌లైన్‌లో అయితే వివరాల్లో "రాగి ఫిన్‌లు, ఇత్తడి ట్యూబులు, ఇత్తడి చాంబర్లు" అని రాసి ఉండాలి. ఊరికే "హై క్వాలిటీ మెటల్" అని ఉంటే అల్యూమినియమే అనుకోండి. ఫిట్టింగులు, రిజర్వాయర్ అడుగు భాగం, చౌక జీపీయూ (గ్రాఫిక్స్ కార్డు) బ్లాకుల బేసు, నీళ్లు తగిలే ప్రతిదానికీ ఈ తనిఖీ చెయ్యాలి.

మొత్తం అల్యూమినియమే అయితే ఈ గొడవ లేదు. 2017లో ఈకే కంపెనీ తెచ్చిన ఫ్లూయిడ్ గేమింగ్ కిట్లు అలాంటివే. తంటా ఎక్కడొస్తుందంటే, ఆ కిట్ల ముక్కలు సెకండ్ హ్యాండ్‌లో విడివిడిగా అమ్ముడవుతాయి. ఆ రేడియేటర్ తెచ్చి రాగి బ్లాకుకి కలిపితే మళ్లీ మొదటికే.

ఇప్పటికే కలిపేసి ఉంటే కంగారు పడకండి, బ్లాకు పారేయనక్కర్లేదు. నీళ్లు ఒంపేసి, బ్లాకు విప్పి, మెత్తటి టూత్‌బ్రష్‌తో ఫిన్‌ల వెంట రుద్దండి, అడ్డంగా వద్దు. ఓ-రింగు (నీళ్లు కారకుండా ఆపే రబ్బరు రింగు) గాడిలో సరిగ్గా కూర్చుందో లేదో చూసి బిగించండి. రేడియేటర్ మాత్రం మార్చాల్సిందే, దాన్ని శుభ్రం చేసి లాభం లేదు. కొత్తగా తెచ్చిన రాగి రేడియేటర్లోనూ సోల్డరింగ్ ఫ్లక్స్ మిగిలి ఉంటుంది. వేడినీళ్లు సగం పోసి, మూతలు బిగించి, రెండు నిమిషాలు ఊపి పారబోయండి. నీళ్లు తేటగా వచ్చేదాకా అలా చేసి, చివరగా డిస్టిల్డ్ వాటర్‌తో కడగండి.

అపోహ: గ్రాఫిక్స్ కార్డు పేరు కలిస్తే జీపీయూ బ్లాకు సరిపోతుంది

వాస్తవం: సరిపోయేది పేరుని బట్టి కాదు, పీసీబీని (కార్డు లోపలి సర్క్యూట్ బోర్డుని) బట్టి. ఆర్‌టీఎక్స్ 3080లో ఎన్విడియా తన పేరుతో అమ్మిన ఫౌండర్స్ ఎడిషన్ బోర్డు వేరు, మిగతా కంపెనీలకి నమూనాగా ఇచ్చిన రిఫరెన్స్ బోర్డు వేరు; ఒకదాని బ్లాకు రెండోదానికి పట్టదు. పూర్తి మోడల్ నంబరు, రివిజన్‌తో సహా బ్లాకు తయారీదారు కంపాటిబిలిటీ పట్టికలో చూశాకే డబ్బు కట్టండి. కార్డు మార్చిన రోజున ఈ బ్లాకుకి విలువ ఉండదు. సీపీయూ బ్లాకు అలా కాదు, బ్రాకెట్ మారిస్తే చాలు: ఇంటెల్ సాకెట్లలో ఎల్‌జీఏ 1200కి బోల్టు దూరం 75 మి.మీ., 1700కి 78 మి.మీ. పంపు, రేడియేటర్ ఏళ్ల తరబడి నడుస్తాయి. బడ్జెట్ తక్కువైతే మంచి డబ్బు వాటి మీద పెట్టండి. అసలు బ్లాకుకి పెట్టే డబ్బుతో పైమెట్టు గ్రాఫిక్స్ కార్డు వచ్చేస్తుంటే, అది కొనుక్కోవడమే తెలివైన పని. వాటర్ కూలింగ్ ఇచ్చేది ప్రధానంగా నిశ్శబ్దం, ఎఫ్‌పీఎస్ (గేములో సెకనుకి వచ్చే ఫ్రేములు) కాదు.

అపోహ: డిస్టిల్డ్ వాటర్‌లో కరెంటు పారదు, లీకైనా భయం లేదు

వాస్తవం: సీసాలో ఉన్నంతసేపే. లూప్‌లో తిరగడం మొదలయ్యాక లోహ అయాన్లు చేరతాయి, బోర్డు మీది దుమ్ము తోడవుతుంది, షార్ట్ అవుతుంది. ఇంట్లో ఆర్వో నీళ్లు అసలే వద్దు, వాటిలో లవణాలు మిగిలే ఉంటాయి. పెట్రోలు బంకులో దొరికే బ్యాటరీ వాటర్ కొంటే లేబుల్ చదవండి. డీమినరలైజ్డ్ అని ఉండాలి. బ్యాటరీ యాసిడ్ డబ్బా కూడా ఆ పక్కనే ఉంటుంది. కరిగిన లవణాలు కొలిచే టీడీఎస్ మీటర్లో సున్నా గానీ ఒకటి గానీ రావాలి. నీళ్లలో నాచు పట్టకుండా బయోసైడ్, ఇన్‌హిబిటర్ ఉన్న కాన్సంట్రేట్ కలిపి, ఏడాదికోసారి మార్చండి. పాలలా చిక్కగా కనిపించే పేస్టెల్ రంగులు ఫోటోలకే బాగుంటాయి, అందులోని రేణువులు ఫిన్‌ల మధ్య పేరుకుంటాయి.

మిగతావి చకచకా:

లూప్‌లో సీపీయూ ముందా, జీపీయూ ముందా? ఏదైనా ఒకటే. నిమిషానికి 4 లీటర్లు పారుతుంటే 350 వాట్ల వేడికి నీళ్లలో తేడా ఒకటింపావు డిగ్రీ. రిజర్వాయర్ మాత్రం పంపుకి ముందే ఉండాలి. పంపుని పొడిగా ఒక్క క్షణం కూడా తిప్పకండి, బేరింగుకి నీళ్లే నూనె.

నీళ్లు పోస్తే గది కంటే చల్లబడదు. రేడియేటర్లో ఒక్కో 120 మి.మీ. ఫ్యాన్ జాగాకి 100 వాట్లు అని ఉజ్జాయింపు లెక్క, అదీ నీళ్లు గది కంటే పదేసి డిగ్రీలు వేడెక్కుతాయని ఒప్పుకుంటేనే. మే నెలలో ఏసీ లేని విజయవాడ గదిలో 40 డిగ్రీలుంటే లూప్‌లో 50. పీఈటీజీ ప్లాస్టిక్ హార్డ్ ట్యూబు 60 దగ్గర మెత్తబడే ప్రమాదం ఉంది. కాబట్టి 10/16 మి.మీ. (లోపలి, బయటి వ్యాసాలు) ఈపీడీఎమ్ రబ్బరు ట్యూబు తీసుకోండి: చౌక, వంచడానికి హీట్‌గన్ అక్కర్లేదు, క్లియర్ పీవీసీలా మసకబారదు. బ్లాకులు రెండు, రేడియేటర్ ఒకటి, పంపు-రిజర్వాయర్ కాంబో ఒకటి అయితే జి1/4 సైజు మరల ఫిట్టింగులు ఎనిమిది. వీటికి అదనంగా, నీళ్లు ఒంపే డ్రెయిన్ కోసం ఒక టీ (మూడు దారుల) ఫిట్టింగు, ఒక బాల్ వాల్వ్. వీటి దగ్గర పొదుపు చేసినవాళ్లు మొదటిసారి నీళ్లు మార్చేటప్పుడు క్యాబినెట్‌ని తలకిందులు చేయాల్సి వస్తుంది. పైకప్పుకి రేడియేటర్ బిగిస్తుంటే 30 మందానికి ఫ్యాన్ 25 కలిపి 55 మి.మీ. ఖాళీ కావాలి, ర్యామ్ ఎత్తు కూడా కొలవండి.

నింపే ముందు ఎయిర్ టెస్టర్‌తో అర బార్ ఒత్తిడి ఎక్కించి, అరగంట సేపు ముల్లు కదలకుండా ఉందో చూడండి. తర్వాత మదర్‌బోర్డు, కార్డు, సీపీయూ పవర్ కేబుళ్లన్నీ తీసేసి, ఎస్ఎమ్‌పీఎస్ (పవర్ సప్లై) 24 పిన్ కనెక్టర్లో 16వ పిన్నుని పక్కనున్న గ్రౌండ్‌కి జంపర్ వేసి పంపు ఒక్కటే తిప్పండి. ప్రతి జాయింటు కింద టిష్యూ పేపరు పరిచి ఒక రాత్రంతా వదిలేయండి. పొద్దున్నే ఏ టిష్యూ మీద మచ్చ కనిపిస్తే ఆ ఫిట్టింగు విప్పి, ఓ-రింగు నలిగిందేమో చూడండి. పానా పెట్టి ఇంకా బిగిస్తే యాక్రిలిక్ పగులుతుంది, చేత్తో బిగిస్తే చాలు.