గచ్చిబౌలి చూడని కప్పు

2022 మార్చి 20న గోవాలోని ఫతోర్దా స్టేడియం పసుపు రంగుతో నిండిపోయింది. మైదానంలో పసుపు చొక్కాలు వేసుకున్నది హైదరాబాద్ ఎఫ్‌సీ ఆటగాళ్ళు. స్టాండ్లలో పసుపు రంగు మాత్రం కేరళ బ్లాస్టర్స్ అభిమానులది. లీగ్ పట్టికలో పై స్థానంలో ముగించిన జట్టుకు చొక్కా రంగు విషయంలో ప్రాధాన్యం ఉంటుంది కాబట్టి, కేరళ జట్టు తన సొంత రంగు వదులుకుని ఆడాల్సి వచ్చింది. సొంత రంగు నిండిన గ్యాలరీ ముందు హైదరాబాద్ జట్టు పరాయిదానిలా ఆడింది. ఆ రాత్రి అదే ఇండియన్ సూపర్ లీగ్ ఫుట్‌బాల్ విజేత అయింది.

మూడున్నరేళ్ళు తిరిగేసరికి ఆ జట్టు హైదరాబాద్‌లో లేదు. ఆ పేరూ లేదు. 2025 అక్టోబరులో అది ఢిల్లీకి తరలిపోయి స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీగా మారింది. ఇంత వేగంగా ఎక్కి ఇంత వేగంగా దిగిన క్లబ్బు సంగతి తెలియాలంటే గోల్స్ లెక్క చాలదు. ఎవరు ఎక్కడి నుంచి వచ్చారు, ఎవరు ఎక్కడికి వెళ్ళారు, ఎవరి జీతం ఎవరు ఇచ్చారు అన్నది చూడాలి.

అసలు ఆ క్లబ్బు పుట్టుకే ఒక తరలింపు. ఆర్థిక ఇబ్బందులతో ఎఫ్‌సీ పుణె సిటీ మూతపడితే, లీగ్‌లో ఖాళీ అయిన ఆ స్థానాన్ని 2019లో విజయ్ మద్దూరి, వరుణ్ త్రిపురనేని హైదరాబాద్‌కు తెచ్చారు. పుణె ఆటగాళ్ళు కొందరు వెంట వచ్చారు. నిఖిల్ పూజారి, మొహమ్మద్ యాసిర్ అలా వచ్చినవాళ్ళే. మొదటి సీజన్ పీడకల. ఇంగ్లండ్ నుంచి వచ్చిన కోచ్ ఫిల్ బ్రౌన్‌ను మధ్యలోనే పంపేశారు. 18 మ్యాచ్‌ల్లో రెండే గెలుపులు, 10 పాయింట్లు, పట్టికలో అట్టడుగు. తర్వాత కుదిరిన ఆల్బర్ట్ రోకా, సీజన్ మొదలవకముందే బార్సిలోనా పిలుపు అందుకుని వెళ్ళిపోయారు. బార్సిలోనా పిలిస్తే ఎవరాగుతారు? ఆ తొందరలో, 2020 ఆగస్టులో, మనోలో మార్కెజ్ వచ్చారు.

మార్కెజ్ స్పెయిన్‌లో లాస్ పల్మాస్ వంటి జట్లను నడిపినవారు. ఇక్కడ ఆయన చేసిన పని చూస్తే పెద్ద పేర్ల కోసం వెతికినట్టు కనపడదు. జాతీయ సమాఖ్య కుర్రాళ్ళ కోసం నడిపిన ఇండియన్ ఆరోస్ జట్టు నుంచి వచ్చినవాళ్ళకు ఆడే అవకాశం ఇచ్చారు. ఎడమవైపు డిఫెన్స్‌లో ఉత్తరప్రదేశ్ కుర్రాడు ఆకాశ్ మిశ్రా, కుడివైపు సిక్కిం నుంచి ఆశిష్ రాయ్, ముందు వరుసలో ఉత్తరాఖండ్‌కు చెందిన రోహిత్ దాను. వీళ్ళ పక్కన అనుభవం ఉన్న విదేశీయులు: మధ్యలో బ్రెజిల్‌కు చెందిన జోవా విక్టర్, వెనక స్పెయిన్‌కు చెందిన ఒడెయ్ ఒనైందియా. 2020-21లో జట్టు అయిదో స్థానానికి ఎగబాకింది.

ఆ సీజన్ ముగియగానే క్లబ్బు రెండు పనులు చేసింది. గోవా వింగర్ లిస్టన్ కొలాసోను కలకత్తా క్లబ్బు ఏటీకే మోహన్ బగాన్‌కు ఇచ్చేసింది. ఒప్పందం ఇంకా మిగిలి ఉండగానే ఇచ్చింది కాబట్టి బదిలీ రుసుము వచ్చింది. స్వదేశీ ఆటగాడి కోసం అప్పటిదాకా మన దేశంలో చెల్లించిన పెద్ద మొత్తాల్లో అదొకటి. ఇక రెండోది, ముంబయి సిటీని విజేతగా నిలబెట్టి బయటికి వచ్చిన నైజీరియా ఫార్వర్డ్ బార్తొలోమ్యూ ఒగ్బెచెను తెచ్చుకోవడం. అప్పటికే ముప్పయ్యారు దాటినవాడు, ఇతనికి డబ్బేమిటని పెదవి విరిచినవాళ్ళూ ఉన్నారు. ఆ ‘ముసలివాడు’ 2021-22లో 18 గోల్స్ కొట్టి, సీజన్‌లో అత్యధిక గోల్స్‌కు ఇచ్చే గోల్డెన్ బూట్ అందుకున్నాడు, లీగ్ చరిత్రలోనే అత్యధిక గోల్స్ వీరుడయ్యాడు.

ఆ ఏడాది నిబంధన ఒకటి కూడా హైదరాబాద్‌కు కలిసొచ్చింది. మైదానంలో ఒకేసారి అయిదుగురు విదేశీయులు ఉండవచ్చన్న పాత పద్ధతి పోయి నలుగురికే పరిమితమైంది. అంటే ప్రతి జట్టులో కనీసం ఏడుగురు స్వదేశీయులు ఆడాలి. మంచి భారతీయ కుర్రాళ్ళను ముందే పోగుచేసుకున్నవాడికి అది వరం. లీగ్ దశలో 20 మ్యాచ్‌లకు 38 పాయింట్లతో జంషెడ్‌పూర్ తర్వాత రెండో స్థానం దక్కింది. సెమీస్‌లో ఏటీకే మోహన్ బగాన్‌ను రెండు మ్యాచ్‌ల్లో కలిపి 3-2తో దాటింది.

ఫైనల్ గురించి రెండు మాటలు ఎక్కువే చెప్పుకోవాలి. రెండో అర్ధభాగంలో రాహుల్ కేపీ గోల్‌తో కేరళ ముందుకు వెళ్ళింది. 88వ నిమిషం వచ్చేసరికి కేరళ అభిమానులు సంబరాలకు సిద్ధమవుతున్నారు. అప్పుడు డిఫెండర్లు తలతో బయటికి నెట్టిన బంతి పెనాల్టీ ప్రాంతం అంచున ఉన్న సాహిల్ తవోరా దగ్గరికి వచ్చింది. సబ్‌స్టిట్యూట్‌గా దిగిన గోవా కుర్రాడు. బంతిని ఆపుకోలేదు, ఉన్నపళంగా కొట్టాడు. గోల్ కీపర్ ప్రభ్‌సుఖన్ గిల్ చెయ్యి తగిలినా బంతి వలలోకే వెళ్ళింది.

అదనపు సమయం తర్వాత పెనాల్టీ షూటౌట్. హైదరాబాద్ గోల్ కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి కూడా గోవావాడే. మొదట కేరళ ఆటగాడు లెస్కోవిచ్ కిక్‌ను ఆపాడు. తర్వాత నిశు కుమార్ కిక్‌నూ ఆపాడు కానీ, కట్టిమణి గీత దాటి ముందుకొచ్చాడని రిఫరీ మళ్ళీ కొట్టమన్నాడు. మళ్ళీ కొట్టాడు, మళ్ళీ ఆపాడు. చివరికి జీక్సన్ సింగ్‌దీ ఆపాడు. లెక్కకు మూడు, చేతులు పెట్టింది నాలుగుసార్లు. హలిచరణ్ నార్జరీ ఆఖరి కిక్ వలలో పడగానే 3-1.

ఆ సీజన్ మొత్తం కోవిడ్ కారణంగా గోవాలోనే జరిగింది. గచ్చిబౌలి బాలయోగి స్టేడియంలో ఒక్క మ్యాచ్ కూడా లేదు. ఫైనల్లో ఆడినవాళ్ళలో తెలుగువాడూ ఒక్కడు లేడు. హైదరాబాద్ పేరున్న గెలుపే, కానీ హైదరాబాద్ కళ్ళెదుట జరగలేదు, హైదరాబాద్ కుర్రాళ్ళు ఆడలేదు. ఈ ఊరి ఫుట్‌బాల్ చరిత్ర తెలిసినవాళ్ళకు ఈ రెండో సంగతి ముల్లులా గుచ్చుకుంటుంది.

ఎందుకంటే ఒకప్పుడు ఈ ఊరు దేశానికే ఆటగాళ్ళను ఇచ్చింది. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 వరకు వరసగా అయిదేళ్ళు బొంబాయి రోవర్స్ కప్ గెలిచింది. 1950లోనే డ్యూరాండ్ కప్ ఫైనల్లో మోహన్ బగాన్‌ను ఓడించింది. దాని వెనక ఉన్నది బడిపంతులుగా పనిచేసిన సయ్యద్ అబ్దుల్ రహీమ్. ఒంటరిగా బంతి తిప్పుకుంటూ పోవడాన్ని నిషేధిస్తూ ఆయన స్థానికంగా పోటీలే పెట్టించారు, బంతి అందగానే పక్కవాడికి ఇవ్వడం అలవాటు కావాలని. భారత జట్టుకు 1951, 1962 ఆసియా క్రీడల స్వర్ణాలు, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం ఆయన శిక్షణలోనే వచ్చాయి. సికింద్రాబాద్ పక్కన అమ్ముగూడ కుర్రాడు తులసీదాస్ బలరాం సాధనకు వచ్చేందుకు సైకిలు అద్దె డబ్బులు రహీమే ఇచ్చారట. ఈ మాట బలరామే తర్వాత చెప్పుకున్నారు.

ఆ బలరాం 1957లో కలకత్తా ఈస్ట్ బెంగాల్‌కు వెళ్ళిపోయారు. ఆయనొక్కరే కాదు. అరవైల్లో మొహమ్మద్ హబీబ్, సయ్యద్ నయీముద్దీన్, తర్వాత హబీబ్ తమ్ముడు అక్బర్, ఇంకా ఎందరో అదే రైలెక్కారు. ఇక్కడ పోలీసు ఉద్యోగం భద్రత ఇచ్చేది. కలకత్తా క్లబ్బులు డబ్బు, పేరు, నిండిన గ్యాలరీలు ఇచ్చేవి. 1963లో రహీమ్ క్యాన్సర్‌తో పోయాక, వెళ్ళినవాళ్ళ స్థానంలో కొత్తవాళ్ళను తయారుచేసే చెయ్యి కూడా పోయింది. 1977లో పెలే న్యూయార్క్ కాస్మోస్ జట్టుతో ఈడెన్ గార్డెన్స్‌కు వచ్చినప్పుడు, ఆ జట్టు మీద గోల్ కొట్టిన హైదరాబాదీ హబీబ్ వేసుకున్నది మోహన్ బగాన్ చొక్కా.

2022లో కప్పు గెలిచిన జట్టుకూ అదే కలకత్తా నుంచి మొదటి పిలుపు వచ్చింది. ఆ వేసవిలోనే ఆశిష్ రాయ్ మోహన్ బగాన్‌కు, సౌవిక్ చక్రవర్తి ఈస్ట్ బెంగాల్‌కు మారారు. అయినా జట్టు తట్టుకుంది. 2022-23లో 42 పాయింట్లతో మళ్ళీ రెండో స్థానం. సెమీస్‌లో మోహన్ బగాన్ చేతిలోనే షూటౌట్‌లో ఓటమి. నిజం చెప్పాలంటే ఆ జట్టు కప్పు గెలిచినదానికన్నా గట్టిదని నా అభిప్రాయం.

2023 వేసవిలో మాత్రం గట్టు తెగింది. మార్కెజ్ ఎఫ్‌సీ గోవాకు వెళ్ళారు. ఆకాశ్ మిశ్రా ముంబయి సిటీకి. విదేశీ ఆటగాళ్ళు సివేరియో, బోర్హా హెరేరా ఈస్ట్ బెంగాల్‌కు. నార్జరీ, దాను బెంగళూరుకు. ఒగ్బెచె సెలవు తీసుకున్నాడు. మంచి సీజన్ తర్వాత ఆటగాళ్ళు అమ్ముడుపోవడం ఏ క్లబ్బుకైనా మామూలే. అలా వచ్చిన డబ్బుతో కొత్తవాళ్ళను తెచ్చుకునే దారి ఉంటే నష్టం లేదు. ఇక్కడ ఆ దారే మూసుకుపోయింది.

అది ఎలా మూసుకుపోతుందో కొంచెం చూద్దాం. ఒప్పందం ప్రకారం జీతం రాని ఆటగాడు ప్రపంచ ఫుట్‌బాల్ సమాఖ్య ఫిఫాకు ఫిర్యాదు చేయవచ్చు. బకాయి నిజమని తేలితే ఫిఫా చెల్లించమంటుంది. గడువులోగా చెల్లించకపోతే కొత్త ఆటగాళ్ళను నమోదు చేసుకోకుండా క్లబ్బుపై నిషేధం పడుతుంది. అదే సమయంలో జీతం అందని పాత ఆటగాడికి ఒప్పందం రద్దు చేసుకునే హక్కు ఉంటుంది. అంటే బయటికి తలుపు తెరిచే ఉంటుంది, లోపలికి తలుపు మూసి ఉంటుంది. హైదరాబాద్ ఎఫ్‌సీ ఈ నిషేధంలో ఇరుక్కుంది. ఫిర్యాదు చేసినవారిలో ఒగ్బెచె కూడా ఉన్నాడు. కప్పు తెచ్చిన గోల్స్‌కు ఖరీదు ఇంకా చెల్లించలేదన్నమాట.

2024 జనవరి బదిలీల గడువు ముగిసేలోగా చింగ్లెన్‌సానా సింగ్, నిఖిల్ పూజారి బెంగళూరుకు, యాసిర్ గోవాకు వెళ్ళారు. పుణె మూతపడినప్పుడు హైదరాబాద్ చేరిన నిఖిల్, యాసిర్‌లకు ఇది రెండోసారి ఇల్లు కూలడం. కోచ్ తంగ్‌బోయ్ సింగ్టో చేతిలో మిగిలింది ఎక్కువగా రిజర్వ్ జట్టు పిల్లలు. ఆ పిల్లలు 22 మ్యాచ్‌ల్లో ఒక్కటి గెలిచారు, చెన్నైయిన్‌పై 1-0. మొత్తం 8 పాయింట్లు, అట్టడుగు స్థానం. మొదటి సీజన్ కన్నా రెండు తక్కువ.

2024లో బీసీ జిందాల్ గ్రూపు క్లబ్బును తీసుకుంది. మరుసటి సీజన్‌లో కింది నుంచి రెండో స్థానం. ఆ తర్వాత ఢిల్లీ ప్రయాణం. ఒక చిత్రమేమిటంటే, పుణె జట్టు హైదరాబాద్‌కు వచ్చిన 2019 ఆగస్టులోనే ఢిల్లీ డైనమోస్ భువనేశ్వర్‌కు తరలి ఒడిశా ఎఫ్‌సీ అయింది. అప్పుడు ఖాళీ అయిన ఢిల్లీని ఇప్పుడు హైదరాబాద్ జట్టుతో నింపారు.

జట్టు చెదిరిన ఆ 2023లోనే, ఫిబ్రవరి 16న బలరాం బెంగాల్‌లో కన్నుమూశారు. ఆగస్టు 15న హబీబ్ పోయారు. ఆయన మాత్రం ఆట ముగించాక హైదరాబాద్‌కు తిరిగొచ్చి, ఇక్కడే పోయారు.