రన్నింగ్ బ్యాక్ కెరీర్: జనం అనుకునేది, మోకాళ్లు చెప్పేది

డల్లాస్ చుట్టుపక్కల స్పోర్ట్స్ ఫిజియోథెరపిస్ట్‌గా పనిచేస్తున్నాను. నా దగ్గరికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది హైస్కూల్లో, కాలేజీలో అమెరికన్ ఫుట్‌బాల్ ఆడే కుర్రాళ్లు. అప్పుడప్పుడు ఈ ఆట ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ఆడి మానేసినవాళ్లు కూడా వస్తారు, నలభై నిండకుండానే మెట్లు దిగడానికి రెయిలింగ్ పట్టుకునేవాళ్లు. పక్క ఊరు ఫ్రిస్కోలో డల్లాస్ కౌబాయ్స్ టీమ్ హెడ్ ఆఫీసు ఉంది. అక్కడి ఇండోర్ స్టేడియంలోనే ఊరి స్కూళ్ల మ్యాచ్‌లు జరుగుతాయి. ఆ ఊళ్లో మనవాళ్లు ఎంతమంది ఉన్నారో చెప్పక్కర్లేదు. మన పిల్లలు కూడా ప్యాడ్లు తొడుక్కోవడం మొదలయ్యాక, గుళ్లో కలిసినా పుట్టినరోజు ఫంక్షన్లో కలిసినా నాకు ఈ ఆట మీదే ప్రశ్నలు. వాటిలో సగం రన్నింగ్ బ్యాక్ గురించే. టీవీలో కంటికి ఆనేది బంతి పట్టుకుని పరుగెత్తేవాడే మరి.

ఆట తెలియనివాళ్లకు రెండు ముక్కలు. నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు ముందుకెళ్లాలి. ఆటను నడిపే క్వార్టర్‌బ్యాక్ బంతిని విసరొచ్చు, లేదంటే తన వెనకో పక్కనో నిలబడ్డ రన్నింగ్ బ్యాక్ చేతిలో పెట్టొచ్చు. చేతిలో పెట్టిన మరుక్షణం నుంచి ఎదుటి పదకొండు మందికీ అతనే గురి. మెయిన్ రన్నింగ్ బ్యాక్‌కి ఒక మ్యాచ్‌లో ఇరవైసార్లు దాకా ఇది తప్పదు. సీజన్‌కి 17 మ్యాచ్‌లు.

అపోహ: కాళ్లలో వేగం ఉంటే చాలు

వేగం ఉంటే మంచిదే. 2008లో డ్రాఫ్ట్‌కి (టీమ్‌లు వంతులవారీగా కాలేజీ ఆటగాళ్లను ఎంచుకునే రోజులు) ముందు జరిగే పరీక్షల్లో క్రిస్ జాన్సన్ 40 గజాలు 4.24 సెకన్లలో పరుగెత్తాడు, మరుసటి ఏడాది సీజన్‌లో 2,006 గజాలు సాధించాడు. కానీ 1990లో ఎమ్మిట్ స్మిత్‌ని చూసి పొట్టివాడని, వేగం చాలదని పెదవి విరిచినవాళ్లు బోలెడుమంది. కౌబాయ్స్ అతన్ని 17వ స్థానంలో తీసుకుంది. 15 సీజన్లు ఆడి 18,355 గజాలు పరుగెత్తాడు. ఆ రికార్డు దగ్గరికి ఇంకా ఎవరూ రాలేదు.

అతనికున్నది చూపు. ఎదురుగా సొంత టీమ్ లైన్‌లోని అయిదుగురు భారీ మనుషులు అవతలి టీమ్ వాళ్లు నలుగురైదుగురిని తోస్తూ ఉంటే, ఆ గుంపులో అరసెకను తర్వాత ఎక్కడ ఖాళీ ఏర్పడుతుందో ముందే పసిగట్టాలి. ఆ అరసెకను ఆగడం చాలా కష్టం. హైస్కూల్లో అందరికంటే వేగంగా పరుగెత్తే పిల్లాడు ఆగడు, బంతి అందగానే దూసుకుపోయి సొంత టీమ్ వాడి వీపుకే గుద్దుకుంటాడు.

టీవీ ముందు కూర్చున్నవాళ్లు పట్టించుకోని పని ఇంకొకటి ఉంది. క్వార్టర్‌బ్యాక్ బంతి విసరబోతున్నప్పుడు రన్నింగ్ బ్యాక్ అతనికి కాపలా కాయాలి. అవతలి టీమ్ లైన్‌బ్యాకర్, నూటపది కిలోలవాడు, పది గజాల అవతలి నుంచి పరుగున వస్తుంటే, తొంభై అయిదు కిలోలవాడు అడ్డం వెళ్లి ఛాతీతో ఆపాలి. అంతకుముందు, ఎవరు వస్తారో లెక్కగట్టి సరైనవాడి మీదికే వెళ్లాలి. ఇది రానివాడు ఎంత బాగా పరుగెత్తినా బెంచీ మీదే ఉంటాడు. కోచ్ తన కోట్ల డాలర్ల క్వార్టర్‌బ్యాక్‌ని ఇరవై రెండేళ్ల కుర్రాడి మొహమాటానికి వదిలేయడు కదా. భుజాల నొప్పులతో నా దగ్గరికి వచ్చే రన్నింగ్ బ్యాక్‌లను ఎలా తగిలిందని అడిగితే, బంతితో పరుగెత్తేటప్పుడు కన్నా ఈ కాపలాలోనే తగిలిందని చెప్పేవాళ్లు చాలామంది.

ఇక బంతి పట్టు. న్యూయార్క్ జెయింట్స్‌కి ఆడిన టీకీ బార్బర్ బంతి జారవిడుస్తాడని పేరుపడ్డాడు. 2004లో కొత్త కోచ్‌లు వచ్చి అతను బంతి పట్టే తీరు మార్చారు: బంతి ఛాతీకి ఎత్తుగా, మోచెయ్యి ఒంటికి ఆనించి, మణికట్టు మోచేతికన్నా పైన. బంతి కొనమీద వేళ్లు బిగించి, అరచెయ్యి, ముంజెయ్యి, దండ, పక్కటెముకలు అయిదు చోట్లా బంతికి తగలాలి. 2005లో అదే మనిషి 1,860 గజాలు చేశాడు. మా దగ్గర భుజం బాగుచేసుకునే కుర్రాళ్లకు నేను ఇదే భంగిమలో బంతి పట్టించి, పక్కనుంచి లాగుతూ వ్యాయామం చేయిస్తాను.

అపోహ: ఆరడుగుల పహిల్వాన్ అయితేనే పనికొస్తాడు

బ్యారీ శాండర్స్ అయిదడుగుల ఎనిమిది అంగుళాలు, ఎమ్మిట్ ఒక అంగుళం ఎక్కువ. డెరిక్ హెన్రీ ఆరడుగులు దాటి, నూటపది కిలోల పైన ఉంటాడు. ముగ్గురూ మేటి ఆటగాళ్లే. నడుము కింద బలం, కిందికి వంగి పరుగెత్తే అలవాటు ఉంటే ఎత్తు పెద్ద సమస్య కాదు. పొట్టివాడు భారీ లైన్ వెనక కనపడడు కూడా, అది అదనపు లాభం.

అపోహ: మోకాలి లిగమెంటు తెగితే కెరీర్ ముగిసినట్టే

ఇదొక అపోహ. ఏముంది, తొమ్మిది నెలల్లో మళ్లీ పరుగెత్తొచ్చు అనేది దీనికి తోబుట్టువు లాంటి ఇంకో అపోహ. నాకు రెండోదంటేనే ఎక్కువ భయం.

ముందు మొదటిది. ఫ్రాంక్ గోర్‌కి కాలేజీలోనే రెండు మోకాళ్లలోనూ ఈ లిగమెంటు, అంటే ఏసీఎల్, తెగింది. ఆ భయంతోనే 2005లో మూడో రౌండ్ దాకా ఎవరూ తీసుకోలేదు. 16 సీజన్లు ఆడి, సరిగ్గా 16,000 గజాలతో దిగిపోయాడు. శాక్వాన్ బార్క్‌లీకి 2020లో తెగింది, 2024లో 2,005 గజాలు పరుగెత్తి లీగ్ ఫైనల్ సూపర్ బౌల్ కూడా గెలిచాడు.

రెండోదానికి మూలం ఏడ్రియన్ పీటర్సన్. 2011 డిసెంబర్ 24న మోకాలు పోయింది. 2012 సెప్టెంబర్‌లో మొదటి మ్యాచ్‌కే దిగాడు. ఆ సీజన్‌లో 2,097 గజాలు, ఎరిక్ డికర్సన్ 1984లో నెలకొల్పిన సీజన్ రికార్డుకి ఎనిమిది గజాల దూరం, పైగా లీగ్‌లో అత్యుత్తమ ఆటగాడి అవార్డు. అప్పటినుంచి ప్రతి తండ్రీ నన్ను అడిగే ప్రశ్న ఒకటే: "పీటర్సన్‌కి అయింది, మావాడికి ఎందుకు కాదు?"

ఎందుకు కాదో చెప్తాను. ఆపరేషన్‌లో చాలాసార్లు మోకాలి చిప్ప కింది నరం లాంటి గట్టి పట్టీలోంచి మధ్య ముక్క తీసి కొత్త లిగమెంటుగా అమరుస్తారు. మొదటి వారాల్లో మా పనల్లా కాలు పూర్తిగా చాపించడం, తొడ ముందు కండను మళ్లీ మేల్కొలపడం. కండ బిగించమంటే మొన్నటిదాకా రెండొందల కిలోలు ఎత్తిన కుర్రాడికి చెమటలు పట్టినా ఆ కండలో కదలికే ఉండదు. చూస్తూ ఉంటే కొన్ని వారాల్లోనే ఆ తొడ రెండోదానికన్నా సన్నబడిపోతుంది. తర్వాత వాపు తగ్గుతుంది, నొప్పి పోతుంది, రెండు మూడు నెలలకే "నాకు బాగైపోయింది" అంటాడు. సరిగ్గా ఆ సమయంలోనే కొత్త లిగమెంటు లోపల చాలా బలహీనంగా ఉంటుంది, ఎందుకంటే ఒళ్లు దాన్ని అప్పుడే తనదిగా మార్చుకుంటూ ఉంటుంది. తొడ బలం రెండో కాలి బలంలో కనీసం 90 శాతం ఉందా, ఒంటికాలి మీద గెంతి దిగేటప్పుడు మోకాలు లోపలికి వాలుతోందా లేదా అన్నవి మేం మిషన్‌తోనూ వీడియోతోనూ చూశాకే మైదానంలోకి వదులుతాం. తొమ్మిది నెలల లోపు తొందరపడితే మళ్లీ తెగే ప్రమాదం బాగా ఎక్కువ. క్యాలెండర్ చూసి వదిలితే కాదు, కాలు చూసి వదలాలి.

లిగమెంటు కంటే నన్ను ఎక్కువ కలవరపెట్టేది కీలు మధ్య గుజ్జు. లిగమెంటు కొత్తది వేయొచ్చు, గుజ్జు అరిగితే పాతది తిరిగిరాదు. టెరెల్ డేవిస్ ఆరో రౌండ్‌లో వచ్చి 1998లో 2,008 గజాలు పరుగెత్తాడు. 1999లో మోకాలు దెబ్బతింది. మొత్తం ఆడింది 78 మ్యాచ్‌లే. అయినా 2017లో మేటి ఆటగాళ్ల హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటిచ్చారంటే ఆ కొద్ది కాలంలో ఎలా ఆడాడో ఊహించుకోండి. టాడ్ గర్లీకి కాలేజీలో ఏసీఎల్ తెగింది, అయినా లీగ్‌లో రారాజులా వెలిగాడు. తర్వాత అదే మోకాలిలో అరుగుదల ఉందన్న వార్తలు వచ్చాయి. చివరి మ్యాచ్ ఆడేనాటికి అతనికి 26 ఏళ్లు.

అపోహ: నొప్పిని లెక్కచేయనివాడే మొనగాడు

1994 జనవరి 2న జెయింట్స్ మీద ఎమ్మిట్ భుజం కీలు జారినా ఆట ఆపలేదు. 32 సార్లు బంతి తీసుకుని 168 గజాలు పరుగెత్తాడు, పది పాస్‌లు కూడా పట్టాడు. కౌబాయ్స్ 16-13తో గెలిచింది. టెక్సస్‌లో ఈ కథ చెప్పని కోచ్ లేడు. గొప్ప ఆటే, కాదనను. కానీ భుజం పైన కీలు జారడం వేరు, తొడ వెనక కండ చిట్లడం వేరు. మొదటిదానికి ప్యాడింగ్ వేసి, బంతి రెండో చేతిలోకి మార్చి ఓర్చుకోవచ్చు. రెండోదాని మీద పరుగెత్తితే పది రోజుల్లో పోయేది పది వారాలు కూర్చోబెడుతుంది. ఇక తలకు దెబ్బ తగిలి కళ్లు బైర్లు కమ్మితే ఓర్పు ఊసే ఎత్తొద్దు, హెల్మెట్ తీసి పక్కకి రావాల్సిందే.

అపోహ: ముప్పై దాటితే ఇంటికే

ఇది సగం నిజం. హెన్రీ ముప్పై నిండాక 2024లో 1,921 గజాలు చేశాడు. ఎమ్మిట్ 33 ఏళ్లప్పుడు వాల్టర్ పేటన్ కెరీర్ గజాల రికార్డు దాటాడు. బ్యారీ శాండర్స్ అయితే ఒంట్లో సత్తువ ఉండగానే, ఆ రికార్డుకి 1,457 గజాల దూరంలో ఆట వదిలేశాడు. సొంత ఊరి పత్రికకు ఒక ఫ్యాక్స్ పంపి ఊరుకున్నాడు. అలాంటివాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది. మిగతావాళ్లకి వయసు కన్నా తిన్న దెబ్బల లెక్క ముఖ్యం. కాలేజీలోనే ఏడెనిమిది వందలసార్లు బంతి మోసిన కుర్రాడు లీగ్‌లోకి వచ్చేసరికి ఇరవై రెండేళ్లవాడే, మోకాళ్లకు మాత్రం అంతకంటే ఎక్కువ.

సగటు కెరీర్ రెండున్నరేళ్లే అంటారు కదా, ఆటగాళ్ల యూనియన్ పేరుతో తిరిగే ఆ సంఖ్యలో రెండు మ్యాచ్‌లు ఆడి వెళ్లిపోయినవాళ్లు కూడా ఉంటారు. మొదటి ఏడాదే టీమ్‌లో స్థిరపడ్డవాడి సగటు దానికన్నా బాగా ఎక్కువ. కాబట్టి ఆ అంకె చూసి ప్రతివాడూ మూడో ఏడు కుంటుతూ ఇంటికి వస్తాడనుకోకండి. చాలామంది కుంటకుండానే, ఇంకో చౌక కుర్రాడు దొరికాడు కాబట్టి వచ్చేస్తారు.

అపోహ: ఎన్‌ఎఫ్‌ఎల్‌లో అడుగు పెడితే ఏడు తరాలు కూర్చుని తినొచ్చు

ఇక్కడ కాస్త ఓపిగ్గా చదవండి, అసలు మెలిక ఇక్కడే ఉంది.

హైస్కూల్ అయ్యాక మూడేళ్లు దాటితే తప్ప డ్రాఫ్ట్‌కి అర్హత లేదు. అంటే ఇరవై ఒకటి, ఇరవై రెండేళ్లు. ఎంపికైతే నాలుగేళ్ల కాంట్రాక్ట్, మొదటి మూడు సీజన్లు దాన్ని తిరగరాయడానికే వీల్లేదు. మొదటి రౌండ్‌వాడైతే అయిదో ఏడు కూడా టీమ్ ఇష్టం. ఆ తర్వాత ఫ్రాంచైజ్ ట్యాగ్ అని ఒకటుంది: టీమ్ కావాలనుకుంటే ఒక నిర్ణీత జీతానికి ఇంకో ఏడాది కట్టిపడేస్తుంది. ఇవన్నీ అయ్యేసరికి అతనికి ఇరవై ఏడు, ఇరవై ఎనిమిది. రన్నింగ్ బ్యాక్ ఒళ్లు బాగా పనిచేసే ఏళ్లు సరిగ్గా ఇవే. బజారులో తన ధర తాను అడిగే హక్కు వచ్చేసరికి "ఇక ఎన్నాళ్లు ఆడతాడులే" అని బేరం మొదలవుతుంది. క్వార్టర్‌బ్యాక్‌కి కూడా ఇవే నిబంధనలు. కాకపోతే అతను ముప్పై అయిదేళ్లకీ ఆడతాడు.

2023లో రన్నింగ్ బ్యాక్ ట్యాగ్ విలువ సుమారు కోటి డాలర్లు, క్వార్టర్‌బ్యాక్‌ది 3.2 కోట్లు. ఆ వేసవిలో బార్క్‌లీ, జోష్ జేకబ్స్, టోనీ పొలార్డ్ ముగ్గురికీ ట్యాగ్ పడింది, ఒక్కరికీ దీర్ఘకాల ఒప్పందం దొరకలేదు. రన్నింగ్ బ్యాక్‌లంతా జూమ్ కాల్ పెట్టుకుని మరీ బాధపడ్డారు. అంతకుముందు 2018లో లేవియన్ బెల్ 1.45 కోట్ల డాలర్ల ట్యాగ్‌ని కాదని సీజన్ మొత్తం ఇంట్లో కూర్చున్నాడు. మరుసటి ఏడాది వేరే టీమ్‌లో పెద్ద కాంట్రాక్ట్ వచ్చింది గానీ పాత బెల్ మళ్లీ కనపడలేదు. ఎమ్మిట్ కాలంలో కథ వేరు. 1993లో జీతం తేలక అతను రాకపోతే కౌబాయ్స్ మొదటి రెండు మ్యాచ్‌లూ ఓడింది, నాలుగేళ్లకి 1.36 కోట్ల డాలర్లకి ఒప్పుకుంది.

అందరికీ ఆ స్థాయి ఉండదు. 2025లో కొత్త ఆటగాడి కనీస జీతం 8.4 లక్షల డాలర్లు, అదీ టీమ్‌లో ఉన్న వారాలకే. అందులోంచి పన్నులు, ఏజెంట్‌కి 3 శాతం దాకా. అందరూ మరిచిపోయే విషయం పెన్షన్. దానికి మూడు సీజన్లు లెక్కకు రావాలి. రెండున్నరేళ్ల సగటు పక్కన ఈ మూడు పెట్టి చూడండి.

అపోహ: గొప్పవాడు ఏ టీమ్‌లోనైనా గొప్పవాడే

బార్క్‌లీ 2023లో జెయింట్స్‌కి 962 గజాలు చేశాడు, సగటున ప్రతి పరుగుకి 3.9. మరుసటి ఏడాది ఈగిల్స్‌కి వెళ్లాడు: 2,005 గజాలు, సగటు 5.8. ఒక్క వేసవిలో మనిషి మారిపోడు కదా. ముందు నిలబడే అయిదుగురు మారారు. 2025లో ఈగిల్స్ అతనికి ఏడాదికి రెండు కోట్ల డాలర్ల పైన ఇచ్చింది, ఒక రన్నింగ్ బ్యాక్‌కి ఆ మొత్తం రావడం అదే మొదటిసారి.

అపోహ: స్కూల్లో స్టార్ అయ్యాడు కాబట్టి...

దేశం మొత్తం మీద హైస్కూల్ ఫుట్‌బాల్ ఆడేది సుమారు పది లక్షల మంది. డ్రాఫ్ట్‌లో ఏడు రౌండ్లు కలిపి ఏటా ఎంపికయ్యేది సుమారు 260 మందే, అదీ అన్ని స్థానాలకూ కలిపి. డ్రాఫ్ట్ కాకుండా వచ్చినవాళ్లూ ఉన్నారు, ఆస్టిన్ ఎకలర్ అలా ఒక చిన్న కాలేజీ నుంచి వచ్చి నిలబడ్డవాడే. మీవాడు ఆడతానంటే ఆడనివ్వండి. పదిహేనేళ్లవాడికి ఒక్క మ్యాచ్‌లో ముప్పైసార్లు బంతి ఇస్తుంటే మాత్రం వెళ్లి కోచ్‌ని అడగండి. మోకాలు వాచి ఇంటికొస్తే ఐస్ పెట్టి సరిపెట్టకండి. దెబ్బ తగిలినప్పుడు లోపల 'టప్'మని శబ్దం వినిపించిందా అని అడగండి, అవునంటే మర్నాటికి వాయిదా వేయకుండా ఎముకల డాక్టర్‌కి చూపించండి.