నడిమి వేలి గోటికి ఇనుప చెప్పు

మహారాష్ట్ర నాందేడ్ జిల్లాలోని ధర్మాబాద్ నుంచి అదే జిల్లా మాలేగావ్‌లో ఖండోబా దేవుడి జాతరకు వెళ్లాం. గుర్రాల బజారులో లాడం కొడుతుంటే మా అక్క కూతురు నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. "కాలుకు మేకులు కొడితే గుర్రం ఎందుకు తంతలేదు మామా? దానికి నొస్తలేదా?"

నొయ్యదు. మేకు దిగేది గోట్లోకి.

నడిమి వేలు ఒక్కటే బల్లకు ఆనించి, తక్కిన వేళ్లు ఎత్తి, ఆ వేలిని గోటి అంచు మీద నిలబెట్టి చూడండి. గుర్రం నిలబడేది అలాగే. దాని ముందు కాలికి మనం మోకాలు అనుకునేది అసలు మణికట్టు! డెక్క అంటే వేలి చివరి ఎముకను చుట్టుకున్న గోరు. పదార్థం కూడా మన గోటిదే, కెరటిన్. గోరు కత్తిరించుకుంటే మనకు నొప్పి ఉండదు, దాని కింద ముల్లు గుచ్చుకుంటే ప్రాణం లేచొస్తుంది. డెక్కదీ అదే లెక్క. బయటి గోడలో నరం లేదు, నెత్తురు లేదు. లోపల రెండూ ఉన్నాయి. ఆ హద్దు అరికాలి వైపు తెల్ల గీతలా కనిపిస్తుంది. మేకు గీతకు బయటే పడాలి. లోపల పడితే గుర్రం కుంటుతుంది.

గోడ లోపలి ముఖాన సుమారు 600 పలచని రేకులుంటాయి. ఒక్కో దానికి మళ్లీ 150 నుంచి 200 చిన్న రేకులు. ఎముక వైపు రేకులు వీటి సందుల్లో దూరి ఉంటాయి, రెండు పుస్తకాల కాగితాలు ఒకదాంట్లో ఒకటి పెట్టినట్టు. గుర్రం బరువంతా ఈ పట్టు మీదే వేలాడుతుంది.

మేకు మొన ఒక పక్క ఏటవాలుగా ఉంటుంది. ఆ వాలు లోపలి వైపు ఉండేలా కొడితే మొన బయటికి వంగి గోడలోంచి వచ్చేస్తుంది. దాన్ని తుంచి, మిగిలింది కిందికి మడుస్తారు. డెక్క నెలకు 6 నుంచి 10 మిల్లీమీటర్లు పెరుగుతుంది కాబట్టి ఆరు నుంచి ఎనిమిది వారాలకోసారి విప్పి, చెక్కి, మళ్లీ కొట్టాలి. మడమ వైపు మేకులు కొట్టరు. బరువు పడినప్పుడు అక్కడ డెక్క కొంచెం విచ్చుకోవాలి.

లాడం కొట్టేవాణ్ణి మరాఠీలో నాల్‌బంద్ అంటారు. నాల్ అరబ్బీ మాట, దాని అసలు అర్థం కాలికి తొడిగే చెప్పు. ఫార్సీలో బంద్ అంటే కట్టేది. ఎంత చక్కటి పేరు! బడిలో గుర్రపు నాడా అయస్కాంతం బొమ్మ గీయిస్తాం, నాడా మాత్రం పిల్లల చేతిలో పెట్టం. గుర్రపు డెక్క అనగానే చాలామందికి చెరువులో కలుపు మొక్కే గుర్తొస్తుంది.

నల్ల గుర్రం నాడాతో ఉంగరం చేయిస్తే శని పీడ పోతుందని నమ్మేవాళ్లున్నారు. ఇనుము శనిని ఆపదు. కానీ అరిగిన నాడాను ఉంగరంగా కరిగించకముందు ఒకసారి తిప్పి చూడండి. ఒక పక్కే ఎక్కువ అరిగితే గుర్రం అడుగు సమంగా పడలేదన్నమాట.

ఎద్దు సంగతి వేరు. దాని గిట్ట చీలి ఉంటుంది, అంటే రెండు వేళ్ల గోళ్లు. తెలుగులో దానికీ లాడమే, మరాఠీలో మాత్రం పత్రీ. గుర్రం మూడు కాళ్ల మీద నిలబడి నాలుగోది చేతికిస్తుంది, ఎద్దును తాళ్లతో కట్టి పడుకోబెట్టాలి. కాలికి రెండు చొప్పున మొత్తం ఎనిమిది పలకలు కొడతారు. రెంటినీ కలిపి ఒకే పలక బిగిస్తే అడుగు వేసినప్పుడు ఆ రెండు గోళ్లూ విచ్చుకోలేవు.