శిక్ష చాలదని చెప్పే అధికారం ఎవరిది?

వెంకటాయపాలెం శిరోముండనం కేసులో పడిన 18 నెలల జైలుశిక్ష సరిపోతుందా అన్న ప్రశ్న మళ్లీ ముందుకు వచ్చింది. 1996 డిసెంబరు 29న రామచంద్రపురం దగ్గరి ఆ ఊళ్లో దళితులను కొట్టి, వారిలో ఇద్దరికి తలతోపాటు కనుబొమలు కూడా గొరిగించిన ఘటన గోదావరి జిల్లాల్లో అందరికీ తెలిసిందే కనుక ఆ వివరాలు ఇక్కడ అక్కర్లేదు. విశాఖపట్నంలోని ప్రత్యేక న్యాయస్థానం 2024 ఏప్రిల్ 16న తీర్పు చెప్పేసరికి 27 ఏళ్లు దాటాయి. దోషుల్లో ఘటన నాటి ఎమ్మెల్యే ఉన్నారు. తీర్పు నాటికి ఆయన అధికార పార్టీ శాసనమండలి సభ్యుడు. ఈ సంగతి ఎందుకు ముఖ్యమో ముందుముందు తెలుస్తుంది.

నేర కేసుల విచారణ, అప్పీళ్లు ఎలా సాగాలో చెప్పే 1898 నాటి నేర విచారణ స్మృతిలో శిక్ష తక్కువైందంటూ ప్రభుత్వం అప్పీలు చేసే వీలు లేదు. హైకోర్టే రివిజన్‌లో, అంటే కింది కోర్టు తీర్పును తిరిగి పరిశీలించే అధికారంతో, పెంచాలి. 1974 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చిన కొత్త స్మృతిలోని 377వ సెక్షన్ ఆ వీలు కల్పించింది, కానీ నిర్ణయాన్ని రాష్ట్ర ప్రభుత్వం చేతిలో పెట్టింది. ప్రభుత్వం ఆదేశిస్తేనే పబ్లిక్ ప్రాసిక్యూటర్ అప్పీలు వేస్తారు.

నా లెక్కలో అసలు మలుపు 2009 డిసెంబరు 31. ఆ రోజు నుంచి బాధితులకు సొంతంగా అప్పీలు చేసుకునే హక్కు వచ్చింది. అయితే అదే స్మృతిలోని 372వ సెక్షన్‌కు చేర్చిన ఆ నిబంధనలో మూడే సందర్భాలు రాశారు: నిందితుడు నిర్దోషిగా విడుదలైనప్పుడు, చిన్న నేరానికే దోషిగా తేలినప్పుడు, పరిహారం చాలనప్పుడు. తక్కువ శిక్ష మాట అందులో లేదు. అంటే గట్టు తగాదాలో కొబ్బరి కత్తి వేటు తిన్న రైతు పరిహారం పదివేలు తగ్గిందని పైకోర్టుకు వెళ్లవచ్చు గానీ, నరికినవాడికి జైలు ఐదేళ్లు తగ్గిందని వెళ్లకూడదు. కొడుకును హత్యలో పోగొట్టుకున్న ఢిల్లీ తండ్రి ఒకరు ఇదే అడిగితే, శిక్ష పెంచమనే అప్పీలు బాధితులది కాదని 2020 ఆగస్టులో సుప్రీంకోర్టు తేల్చింది.

శిక్ష పెంచమన్న అప్పీలు కత్తికి రెండు వైపులా పదునేనని, ఆ విచారణలోనే నిందితుడు తనను విడుదల చేయమనీ కోరవచ్చని డిఫెన్సు న్యాయవాదులు గుర్తుచేస్తారు. అది నిజమే. కానీ బాధితుల ప్రశ్న వేరు: దోషి అధికార పార్టీ మనిషైనప్పుడు ఆ ఫైలు ఎవరు కదుపుతారు?

ఎస్సీ, ఎస్టీలపై అత్యాచారాల నిరోధక చట్టం కింద నడిచే అట్రాసిటీ కేసులకు మాత్రం 2016 జనవరి నుంచి ఆ చట్టంలోనే 14ఏ సెక్షన్ ఉంది. తీర్పుపైనా, శిక్షపైనా 90 రోజుల్లో హైకోర్టుకు వెళ్లవచ్చని రాసిన ఆ సెక్షన్, ఎవరు వెళ్లవచ్చో రాయలేదు. పాత స్మృతి స్థానంలో 2024 జూలై 1న వచ్చిన నాగరిక్ సురక్షా సంహిత కూడా పాత మూడు సందర్భాలనే 413వ సెక్షన్‌లోకి దించుకుంది. మామూలు దాడి కేసులో దెబ్బలు తిన్నవాడు శిక్ష పెంచమని ప్రభుత్వం చేత అప్పీలు వేయించుకోవాలంటే నేటికీ సోమవారం అర్జీ పట్టుకుని కలెక్టరేట్ వరండాలో నిలబడాల్సిందే.